డాబా మీది ఎండ రీడింగ్‌ను నాసా లెక్కకు సరిపెట్టొచ్చా?

హనుమకొండ_డాబా:
మా డాబా మీది వాతావరణ స్టేషన్‌లో ఎండ తీవ్రత రోజు మొత్తం మీద నాసా పవర్ డేటా (ఉపగ్రహాల ఆధారంగా నాసా ఇచ్చే ఎండ లెక్క) కంటే 12 శాతం ఎక్కువ వస్తోంది. మూడు వారాలుగా ఇదే వరస. నిన్న మబ్బు తునక లేదు, మధ్యాహ్నం చదరపు మీటరుకు 970 వాట్లు చూపించింది. రీడింగ్ తగ్గేలా సెట్టింగ్స్‌లో 0.89 గుణకం పెట్టేయమని మా తమ్ముడి సలహా. నాకెందుకో మనసొప్పట్లేదు.

సోలార్_రైతు:
పెట్టేయండి అన్నా. ఇళ్లలో వాడే స్టేషన్లలో చాలావరకు ఉండేది మామూలు వెలుతురు సెన్సారే, లక్స్ (కంటికి కనిపించే వెలుతురు కొలత) కొలిచి 126.7తో భాగించి వాట్లని చూపిస్తాయి, ఆకాశం మారితే ఆ నిష్పత్తీ మారుతుంది. అంతకన్నా ఉపగ్రహం లెక్కే నయం. నాకు కావాల్సింది ప్యానెళ్లకు రోజుకెంత ఎండ తగిలిందనే.

నీడ_గడియారం:
నేను ఒప్పుకోను. నాసా పవర్‌లో ఎండ లెక్క ఒక డిగ్రీ గడికి, అంటే మన దగ్గర వంద కిలోమీటర్లకు పైనే, సగటు. మీ డాబా మీదికొచ్చిన మబ్బు దానికి తెలియదు. మబ్బు అంచుల నుంచి వెలుగు తోడై కాసేపు 1100 దాటినా అది తప్పు కాదు, కాబట్టి మబ్బు రోజుల్ని పక్కన పెట్టండి. కానీ 970 మబ్బుల్లేని రోజుది. ఫిబ్రవరి మధ్యలో అక్కడ సూర్యుడు 59 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, ఆకాశం ఎంత తేటగా ఉన్నా 900 దాటడం కష్టం. అంటే తేడా మీ దగ్గరే ఉంది, అయితే అది గుణకంతో పోయే రకమో కాదో ముందు చూడాలి. సెన్సారు తూర్పుకో పడమరకో ఒరిగితే రీడింగ్ శిఖరం, సూర్యుడు బాగా పైకొచ్చే 12:25 నుంచి అటో ఇటో జరుగుతుంది. దక్షిణానికి ఒరిగితే టైమ్ మారదు, చలికాలమంతా ఎక్కువ చూపిస్తుంది, మే నెల మధ్యకి సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఆ ఎక్కువంతా పోతుంది. అప్పుడు మీ 0.89 మంచి రీడింగ్‌నే తొక్కేస్తుంది!

సోలార్_రైతు:
వాలు సంగతి నిజమే, నేను ఆలోచించలేదు. అయినా అన్నీ సరిచేశాక మిగిలిన తేడాకి గుణకం తప్పదు కదా? ఇంకోటి, నాసా గంటల డేటా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) దించుకుంటే మన టైముకి ఐదున్నర గంటలు తేడా, ఆ అరగంట వల్ల గంటకి గంట సరిపోదు. రోజు మొత్తాలే పోల్చండి.

హనుమకొండ_డాబా:
పొద్దున పైకెక్కి చూశాను. లెవెల్ బుడగ గీత దాటి ఉత్తరం అంచుకి అతుక్కుని ఉంది, అంటే దక్షిణం వైపు దిగింది, పైపు క్లాంపు వదులైంది. గాజు మీద పావురం రెట్ట కూడా, తడిగుడ్డతో తుడిచాను. క్లాంపు కింద వాషర్ పెట్టి బిగించాక ఇవాళ మధ్యాహ్నం 925. ఇంకా కొంచెం ఎక్కువే. గుణకం మాత్రం ఇప్పుడే పెట్టను, మే దాకా మబ్బుల్లేని రోజులు ఏరి రాసుకుంటా.

నీడ_గడియారం:
నీళ్ల ట్యాంకు నీడ ఎన్నింటికి పడుతుందో కూడా రాయండి.