మెదడులో డోపమిన్‌ను అప్పటికప్పుడు కొలవగలరా?

ప్రశ్న: నమస్కారమండీ. మా నాన్నగారికి పార్కిన్సన్స్. డాక్టర్‌గారు డీబీఎస్ (మెదడులోకి సన్నని తీగ దింపి కరెంటు ఇచ్చే) ఆపరేషన్ మాట ఎత్తారు. ముందు రక్తపరీక్షతో డోపమిన్ (ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే రసాయనం) చూపించుకోమని ఒక బంధువు పట్టుబడుతున్నారు. ఆపరేషన్‌లోనే డోపమిన్‌ను క్షణక్షణం కొలుస్తారని కూడా చదివాను. నాన్నగారికీ అలా చేస్తారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: రక్తపరీక్షకు డబ్బు పెట్టకండి. రక్తంలోని డోపమిన్ మెదడులోకి దాటదు. మాత్రల్లో డోపమిన్ బదులు, మెదడులోకి దాటి అక్కడ డోపమిన్‌గా మారే లెవోడోపా ఇచ్చేది అందుకే. రక్తంలో ఎంత ఉందో చూస్తే మెదడు సంగతి తెలియదు.

మీరు చదివింది మాత్రం నిజమే. అమెరికాలో రీడ్ మాంటేగ్, కెన్నెత్ కిషిడా అనే పరిశోధకుల బృందం 2011లో తొలి ఫలితం ప్రకటించింది. 2016లో 17 మంది పార్కిన్సన్స్ రోగుల కొలతలు వచ్చాయి. డీబీఎస్ కోసం పుర్రెకు ఎలాగూ రంధ్రం చేస్తారు, చాలాసార్లు రోగి మెలకువగానే ఉంటారు. ఆ దారిలోనే వెంట్రుక కన్నా సన్నని కార్బన్ పోగును దింపి, వోల్టేజిని సెకనుకు 10 సార్లు పెంచి తగ్గిస్తారు. పోగు దగ్గరున్న డోపమిన్ ఆ క్షణంలో ఎలక్ట్రాన్లు వదులుతుంది. అప్పుడు పుట్టే అతి చిన్న కరెంటే కొలత. సెరటోనిన్ అనే మరో మెదడు రసాయనం, ఆమ్లత మార్పులు కూడా అందులో కలిసిపోతాయి కాబట్టి కంప్యూటర్‌తో విడదీయాలి. అసలు కష్టం అక్కడే.

రోగులు ఆ సమయంలో షేర్ మార్కెట్ లాంటి ఆట ఆడారు. తక్కువ డబ్బు పెట్టినప్పుడు మార్కెట్ అనుకున్నదానికన్నా పెరిగితే, లాభం వచ్చినా డోపమిన్ తగ్గింది! ఇంకా ఎక్కువ పెట్టి ఉంటే ఎంత వచ్చేదో అన్న లెక్క కూడా అందులో ఉందన్నమాట. నాకైతే ఇది అద్భుతంగా అనిపిస్తుంది.

ప్రశ్న: థాంక్సండీ. ఇది స్కాన్‌లో కనబడదా?

జవాబు: ఇంత వేగంగా కనబడదు. ఎఫ్ఎమ్ఆర్ఐ చూసేది రక్తప్రవాహాన్ని, రసాయనాన్ని కాదు. పెట్ స్కాన్ రసాయనం గురించే చెబుతుంది కానీ నిమిషాల లెక్కన.

నాన్నగారి విషయానికొస్తే, ఈ కొలత పరిశోధన కోసమే. రోగి అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా చేయరు. చికిత్స నిర్ణయం దీని మీద ఆధారపడదు. ఆపరేషన్ పనికొస్తుందా అన్నది తేలడానికి మీరు అడగాల్సింది లెవోడోపా ఛాలెంజ్ టెస్ట్. రాత్రి నుంచి మాత్రలు ఆపి, పొద్దున వణుకు, బిగుతు, నడక చూసి మార్కులు వేస్తారు. మాత్ర ఇచ్చాక మళ్లీ చూస్తారు. మామూలుగా 30 శాతమైనా మెరుగు కనిపించాలంటారు. మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టర్‌గారే చెప్పాలి, మీ అంతట మీరు ఆపకండి.