తెలుగు మీడియం, డిప్లొమా, చేతిలో ఫోన్ ఒక్కటే: ఎన్‌పీటెల్ జావా 12 వారాల కోర్సు గట్టెక్కుతుందా?

తెనాలి_లేటరల్:
గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ రెండో సంవత్సరం, లేటరల్ ఎంట్రీ (డిప్లొమాతో నేరుగా రెండో సంవత్సరంలో చేరడం). పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత పాలిటెక్నిక్. ఈ సెమిస్టర్‌లో ఒక ఎలెక్టివ్ (మనం ఎంచుకునే సబ్జెక్ట్) బదులు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైటు స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటెల్ (ఐఐటీల వాళ్లు నడిపేది) జావా ప్రోగ్రామింగ్ కోర్సు చేసి 3 క్రెడిట్లు తెచ్చుకోవచ్చని డిపార్ట్‌మెంట్‌లో చెప్పారు. ల్యాప్‌టాప్ లేదు. ఆండ్రాయిడ్ ఫోను, రోజుకి 1.5 జీబీ డేటా. హాస్టల్ వైఫై రాత్రి పది దాటితే పనిచేయదు.
డేటా సరిపోతుందా? పాఠాలు తెలుగులో దొరుకుతాయా? కోడ్ ఫోన్‌లో రాసి సబ్మిట్ చేయొచ్చా? పోతే సప్లీ ఉంటుందా? చేసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బ్రాడీపేట_బిట్స్:
డేటా గురించి దిగులు అక్కర్లేదు తమ్ముడూ. వారానికి సుమారు అయిదు పాఠాలు, ఒక్కోటి అరగంట, మొత్తం రెండున్నర గంటలు. 360పీలో గంటకి 300 ఎంబీ వేసుకున్నా వారానికి 750 ఎంబీ. నీకు రోజుకి వచ్చేదాంట్లో సగం. 144పీకి మాత్రం దిగొద్దు, స్లైడ్ మీది కోడ్‌లో సెమికోలన్‌కీ కోలన్‌కీ తేడా తెలియదు. వైఫై బాగున్న వేళ యూట్యూబ్ యాప్‌లో ఆఫ్‌లైన్‌కి దించుకుంటే సరి.

తెలుగు సంగతి. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సుల ట్రాన్స్‌క్రిప్టులు (పాఠంలోని మాటల రాతప్రతులు), సబ్‌టైటిళ్లు తెలుగులోకీ అనువదించి పెట్టింది. అన్నిటికీ ఉండవు, కాబట్టి నీ కోర్సుకి ఉన్నాయో లేవో చేరకముందే చూసుకో. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ వాళ్ల ఈ-కుంభ్ పోర్టల్‌లో మొదటి, రెండో సంవత్సరం ఇంజనీరింగ్ పుస్తకాలు తెలుగులో ఉచితంగా ఉన్నాయి, అర్థం కాని చోట అవి పక్కన పెట్టుకోవచ్చు. కానీ పరీక్ష పేపర్ ఇంగ్లీషే. అందుకని ఇన్‌హెరిటెన్స్, ఓవర్‌రైడింగ్, ఎక్సెప్షన్ లాంటి మాటల్ని నోట్సులో అలాగే ఉంచి, వివరణ మాత్రం తెలుగులో రాసుకో. మాటను కూడా తెలుగు చేసుకుంటే పరీక్షలో ప్రశ్న చదివి మళ్లీ వెనక్కి అనువాదం చేసుకుంటూ కూర్చోవాలి.

స్పీడ్ 0.75 పెట్టుకోమని చాలామంది చెప్తారు. నాకైతే అది నచ్చదు, గొంతు సాగిపోయి నిద్రొస్తుంది. ముందు ట్రాన్స్‌క్రిప్ట్ పీడీఎఫ్ ఒకసారి చదివి, ఆ తర్వాత మామూలు స్పీడులోనే క్యాప్షన్లతో చూడు.

ఒక_సెమికోలన్:
కోడ్ ఫోన్‌లో రాయొచ్చు. రాయలేకపోవడం కన్నా కీబోర్డు చేసే అల్లరితోనే మార్కులు పోతాయి. కొన్ని కీబోర్డులూ నోట్స్ యాప్‌లూ నిటారు కొటేషన్ గుర్తుల్ని వంకర గుర్తులుగా మార్చేస్తాయి. అవి పోర్టల్‌లో పేస్ట్ చేస్తే కంపైల్ ఎర్రరే. వాక్యం మొదట్లో పెద్దక్షరం పెట్టే సెట్టింగ్ వల్ల ఇంట్ (int) కాస్తా పెద్ద ఐతో (Int) పడుతుంది, జావాకి అది వేరే మాట. ఆటో కరెక్ట్, ఆటో క్యాపిటల్, రెండూ ఆపేసి మొదలుపెట్టు. కోడ్‌ని వాట్సాప్ చాట్‌లో దాచుకోవద్దు, నక్షత్రం గుర్తులు అక్కడ బోల్డ్ కింద మాయమవుతాయి.

రెండో చిక్కు, కాలేజీ ల్యాబ్ అలవాటు. ల్యాబ్‌లో 'ఎంటర్ ఏ నంబర్' అని ప్రింట్ చేయించి ఇన్‌పుట్ అడుగుతాం. ఇక్కడ దిద్దేది మనిషి కాదు, ప్రోగ్రాం. టెస్ట్ కేసులో (పరీక్షించడానికి పెట్టిన ఇన్‌పుట్, దానికి రావాల్సిన అవుట్‌పుట్) ఉన్న అవుట్‌పుట్‌తో నీది అక్షరం అక్షరం పోలుస్తుంది. అదనంగా ఒక్క లైను ప్రింటయినా, చిన్నక్షరం పెద్దక్షరం తేడా వచ్చినా లాజిక్ సరైందే కానీ మార్కు సున్నా. ముందే రాసిచ్చిన భాగాన్ని, క్లాస్ పేరుతో సహా, కదిలించకు. పైకి కనిపించే టెస్ట్ కేసులు పాసయ్యాయని వదిలేయకు, దాచిన కేసులు వేరే ఉంటాయి. సున్నా, నెగటివ్ సంఖ్య, ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి నువ్వే పరీక్షించుకో. రన్ చేసి ఊరుకుంటే సబ్మిట్ అయినట్టు కాదు, ఆ బటన్ వేరు.

ఓటీజీ అడాప్టర్ (ఫోన్‌కి యూఎస్‌బీ తగిలించేది), మామూలు యూఎస్‌బీ కీబోర్డు కొనుక్కుంటే సగం బాధ తీరుతుంది. అది కూడా కుదరకపోతే కాలేజీ ల్యాబ్‌లో వారానికి రెండు గంటలు చాలు.

కానూరు_కౌంటర్:
పైవాళ్లు మార్కుల లెక్క వదిలేశారు. జనం పోయేది అక్కడే. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. 12 వారాల కోర్సులో బాగా చేసిన 8 అసైన్‌మెంట్ల సగటే తీసుకుంటారు. మొత్తం 40 వస్తే పాస్ అనుకుంటారు, తప్పు. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30, విడివిడిగా రావాలి. టెలిగ్రామ్‌లో జవాబులు ఏరుకొచ్చి 25కి 25 తెచ్చుకున్నా, పరీక్షలో 29 వస్తే మొత్తం 54 అయ్యీ సర్టిఫికెట్ రాదు. ఆ జవాబుల్లో సగం ఊహలే అన్నది వేరే సంగతి. సర్టిఫికెట్ మీద 60కి ఎలైట్, 75కి సిల్వర్, 90కి గోల్డ్ అని పడుతుంది. కొన్ని ప్రోగ్రామింగ్ కోర్సులకి లెక్క వేరుగా ఉంటుంది కాబట్టి కోర్సు పేజీలో గ్రేడింగ్ భాగం చదవాల్సిందే.

నాలుగు అసైన్‌మెంట్లు పోయినా ఫరవాలేదు కదా అని మొదట్లోనే వాడేసుకోకు. జులై సెషన్‌లో మిడ్ పరీక్షలూ దసరా సెలవులూ మధ్యలోనే పడతాయి, వాటికి దాచుకో. గడువు మామూలుగా బుధవారం రాత్రి 11:59. పొడిగించరు. నీ హాస్టల్ నెట్ సంగతి నువ్వే చెప్పావు, మంగళవారం సాయంత్రానికే పంపేయి.

చేరడం ఉచితం, డబ్బు కట్టేది పరీక్షకే. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి ఫీజులో సగం రాయితీ ఉంది. పరీక్ష ఫారం గడువు కోర్సు మొదలైన కొన్ని వారాలకే అయిపోతుంది, పరీక్ష ముందు కట్టొచ్చని కూర్చోవద్దు. యూనివర్సిటీ సప్లీ లాంటిది లేదు. పోతే ఆ కోర్సు మళ్లీ నడిచే సెషన్‌లో మొదటినుంచి చేరాలి, వెంటనే నడుస్తుందన్న హామీ లేదు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చేయొచ్చు, కానీ ఏ కోర్సుకి ఏ సబ్జెక్ట్ బదులు ఇస్తారన్నది నీ కాలేజీ చేతిలో ఉంటుంది. హెచ్‌ఓడీ సంతకంతో కాగితం తీసుకున్నాకే ఆ ఎలెక్టివ్ వదులు. ఫలితాలు సెమిస్టర్ మెమో తర్వాత వస్తే ఏం చేస్తారో కూడా అప్పుడే అడుగు.

తెనాలి_లేటరల్:
చాలా థ్యాంక్స్ అన్నా. పరీక్ష సెంటర్ గుంటూరు పెట్టాలా, విజయవాడ పెట్టాలా?

కానూరు_కౌంటర్:
తెనాలికి గుంటూరే దగ్గర, మొదటి ఆప్షన్ అదే ఇవ్వు. సిటీ పేరు చూసి బస్టాండ్ పక్కనే అనుకోవద్దు. పెద్ద ల్యాబులున్న కాలేజీలు వడ్లమూడి, వడ్డేశ్వరం, కానూరు వైపు ఉంటాయి కాబట్టి హాల్ టికెట్‌లో అడ్రస్ చూసుకున్నాకే దారి ఆలోచించు. ఉదయం విడత 9 నుంచి 12, మధ్యాహ్నం 2 నుంచి 5. ఒరిజినల్ ఫోటో ఐడీ కావాలి, ఫోన్‌లో ఫోటో చూపిస్తానంటే కుదరదు.

బ్రాడీపేట_బిట్స్:
ఇంకొకటి. చేరేటప్పుడు ప్రొఫైల్‌లో కాలేజీని జాబితాలోంచే ఎంచుకుని రోల్ నంబర్ ఇవ్వు. 'ఇతర' అని పెడితే మీ కాలేజీ లోకల్ చాప్టర్ ఎస్‌పీఓసీ సార్ (కాలేజీ తరఫున ఎన్‌పీటెల్ వ్యవహారాలు చూసేవాళ్లు) జాబితాలో నీ పేరు కనిపించదు, క్రెడిట్ల దగ్గర తిప్పలు. పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయి. సర్టిఫికెట్ మీద అదే పడుతుంది. పరీక్ష ఫారం కూడా కోర్సులో చేరిన జీమెయిల్‌తోనే నింపు.