షెవ్రొలే సి15ఎ మిలిటరీ ట్రక్కు: పాత ఇంజన్‌నే బాగుచేయించాలా, డీజిల్ ఇంజన్ ఎక్కించాలా?

ప్రశ్న (శామీర్‌పేట నుంచి)

పెద్దలకు నమస్కారం. మా పెదనాన్నగారి రైస్‌మిల్లు ఆవరణలో, చింతచెట్టు కింద ముప్పై ఏళ్లుగా కదలకుండా ఉన్న షెవ్రొలే సి15ఎ ట్రక్కును ఈ సంక్రాంతికి ఇంటికి తెచ్చుకున్నాము. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కెనడాలో తయారై, యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న బండ్లలో ఇది ఒకటి. ముందు అద్దాలు నేలవైపు వాలి ఉన్నందున 13వ నంబరు క్యాబ్ (డ్రైవర్ గది నమూనా) అని గుర్తుపట్టగలిగాను. ఎండ తళుకు పైనున్న విమానాలకు కనబడకూడదని అద్దాలను అలా వంచి పెట్టారని చదివినప్పటి నుంచి ఈ బండి మీద నాకు మమకారం మరీ పెరిగింది.

హ్యాండిల్ వేస్తే ఇంజన్ తిరుగుతోంది. అయితే చాంబర్ (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) నుంచి దించిన నూనెను తెల్లగుడ్డలో వడగడితే మెంతిగింజంత వెండిరంగు పలుకులు నాలుగైదు మిగిలాయి. చూసిన ఇద్దరు మెకానిక్కులూ దీనికి బేరింగులు దొరకవని, డీజిల్ ఇంజన్ ఎక్కించుకొమ్మని చెప్పారు. నాకు మనసొప్పడం లేదు. టైర్లు, బోల్టులు, రిజిస్ట్రేషన్ విషయంలో కూడా దారి చూపగలరని ఆశిస్తున్నాను.

జవాబు (తిరుమలగిరి, సైనిక వాహనాల మరమ్మతులో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని)

దయచేసి ఇంజన్ మార్చవద్దు. బేరింగులు దొరకవన్న మాట ఒక విధంగా నిజమే, ఎందుకంటే ఈ 216 ఘనపుటంగుళాల ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్లకు (పిస్టన్లను క్రాంక్ ఇరుసుకు కలిపే కడ్డీలకు) దుకాణంలో డబ్బాలో పెట్టి అమ్మే షెల్ బేరింగులు మొదటి నుంచీ లేవు. వైట్‌మెటల్ అనే మెత్తని మిశ్రమ లోహాన్ని కరిగించి నేరుగా రాడ్‌లోనే పోసి, క్రాంక్ కొలతకు బోరింగ్ చేస్తారు. మీ గుడ్డలో మిగిలిన పలుకులు ఆ లోహానివే అయి ఉంటాయి. ఫ్యాక్టరీల టర్బైన్లకూ పెద్ద పంపులకూ వైట్‌మెటల్ పోసే పనివారు ఇప్పటికీ ఉన్నారు కనుక బాలానగర్, జీడిమెట్ల వైపు విచారించండి. అరుగుదల కొద్దిగానే ఉన్న రాడ్లకు పోత కూడా అక్కర్లేదు. రాడ్‌కూ, దాని కింద బోల్టులతో బిగించే క్యాపుకూ మధ్య ఉండే పలచని షిమ్ములను రెండు వైపులా సమానంగా తగ్గిస్తే ఆ వదులు పోతుంది.

అంతకంటే ముఖ్యం నూనె సంగతి. ఈ ఇంజన్‌లో రాడ్ బేరింగులకు క్రాంక్ లోపలి రంధ్రాల గుండా నూనె రాదు. చాంబర్‌లో ఉన్న నాజిళ్లు చిమ్మే నూనెను రాడ్ క్యాపు కింద ఉండే చిన్న చెంచాల వంటి డిప్పర్లు అందుకుంటాయి. ముప్పై ఏళ్ల మడ్డి ఒక్క నాజిల్‌ను మూసినా ఆ రాడ్ ఎండిపోతుంది. కాబట్టి చాంబర్ విప్పి, ప్రతి నాజిల్‌లో సన్నని తీగ దూర్చి శుభ్రం చేసేంతవరకు ఇంజన్ స్టార్ట్ చేయకండి. విప్పేటప్పుడు ప్రతి క్యాపుకూ నంబరు వేసి, డిప్పర్ ఏ వైపు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోండి. తిరగేసి బిగిస్తే కొత్త లోహం కూడా నిలవదు.

క్రాంకే పగిలిందని తేలితే, ఇదే కుటుంబానికి చెందిన, 1954 తరువాతి 235 ఇంజన్ నయం. అందులో షెల్ బేరింగులు, పూర్తి ఒత్తిడితో నూనె ప్రసరణ ఉన్నాయి. బరువైన డీజిల్ ఇంజన్‌ను ఎక్కిస్తే ముందు స్ప్రింగులకూ గేర్‌బాక్సుకూ కొత్త తలనొప్పి మొదలవుతుంది.

జవాబు (బాలానగర్, లేత్ పని)

రాణిగంజ్ విడిభాగాల దుకాణాల్లో బండి పేరు చెప్పి సామాను అడిగితే లేదనే సమాధానమే వస్తుంది. కొలత చెప్పి అడగండి. బేరింగ్ అంచు మీద చెక్కిన నంబరు, ఆయిల్ సీలుకైతే షాఫ్టు, హౌసింగ్, మందం, ఈ మూడు కొలతలూ వెర్నియర్‌తో తీసి కాగితం మీద రాసుకువెళ్తే చాలామటుకు దొరుకుతాయి. బోల్టులన్నీ అంగుళాల మరలవి. 3/8 అంగుళం అంటే 9.5 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 10 మిల్లీమీటర్ల బోల్టును బలవంతంగా తిప్పితే మొదటి చుట్టు ఎక్కినట్టే ఎక్కి, లోపలి మరను కోసేస్తుంది.

టైరు సైజు 9.00-16. ఈ సైజు ట్రాక్టర్ ట్రాలీలకు అమ్ముతారు కానీ, అది ఇంజన్ లాగే చక్రానికీ రోడ్డు వేగానికీ చేసిన టైరు కాదు, తీసుకోవద్దు. ఇక చక్రం రెండు సగాలుగా చేసి బోల్టులతో బిగించినది. ఆ బోల్టుల వరుసను తాకే ముందు వాల్వు పిన్ను పూర్తిగా తీసి, గాలి మొత్తం పోయిందని చేత్తో చూసుకోండి. గాలి ఉండగా విప్పితే పై సగం మనిషిని చంపేంత బలంగా ఎగురుతుంది. పంక్చరు దుకాణంలో కుర్రవాడికి ఇది తెలియకపోవచ్చు, మీరు దగ్గరుండి చేయించండి.

జవాబు (మలక్‌పేట)

రిజిస్ట్రేషన్ గురించి క్లుప్తంగా చెబుతాను. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకూ కార్ల వర్గానికీ వర్తిస్తాయి తప్ప సరుకు వాహనాలకు కాదు. కాబట్టి మీ పెదనాన్నగారి పాత ఆర్‌సీ పుస్తకం ఉందేమో ముందు వెతకండి. అసలు రిజిస్ట్రేషనే జరగని మాజీ సైనిక వాహనమైతే, 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం సంబంధిత అధికారులిచ్చిన ఫారం 21 (అమ్మకపు ధ్రువపత్రం) అసలు ప్రతి అడుగుతారు. రంగు గీకించే ముందు చాసిస్ నంబరుకు పెన్సిల్ ట్రేసు తీసి భద్రపరచండి. గ్రైండర్ ఆ చోటును తాకనివ్వకండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ ధన్యవాదాలు. నిన్న చాంబర్ దించాము. మూడో రాడ్ కింది నాజిల్ మడ్డితో పూర్తిగా మూసుకుపోయి ఉంది, పలుకులు ఆ రాడ్‌వే. మిగతా ఐదింటిలో షిమ్ములు తగ్గించేంత వదులే కనిపించింది. ఆర్‌సీ పుస్తకం మా పెద్దమ్మగారి ట్రంకుపెట్టెలో ఉందట, ఆదివారం వెళ్తున్నాను.