అప్‌డేట్: మా ఇంట్లో అద్దెకున్న అతనితో గొడవ తీరింది

పోయిన నెల అడిగాను కదా, విశాఖ మధురవాడలో మా ఇంట్లోనే ఒక గదిలో అద్దెకున్న అతను 2 నెలలుగా అద్దె ఇవ్వట్లేదు, మోటారు వేసి వదిలేస్తున్నాడు, అమ్మ అడిగితే మీదికొస్తున్నాడని. కోపంలో కరెంటు తీసేద్దామనుకున్నా, వద్దని ఆపినవాళ్లకు దండాలు. 11 నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, నెలవారీ అద్దె కాబట్టి 1882 ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఖాళీ చేయమని లాయరు గారితో 15 రోజుల నోటీసు రాయించి పోస్టులో పంపాం.

కవరు చింపి చదువుతూ గుమ్మంలోనే కూలబడ్డాడు. ఉద్యోగం పోయిందట, ఆ ముక్క ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేదా! అమ్మే లేచి మంచినీళ్లిచ్చింది. అడ్వాన్సులో బాకీ పట్టుకుని మిగతాది చేతిలో పెట్టి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాను. నిన్న ఖాళీ చేశాడు, తాళం అమ్మకే ఇచ్చి "తప్పయిందమ్మా" అన్నాడు.