సెల్లార్ ఊట మోటారు ఆగిన ప్రతిసారీ పైపు దడేలుమంటోంది, కారణం ఏమిటి?

తడిగోడ:
వానలు పట్టినప్పటి నుంచి మా సెల్లార్ ఊట గుంతలోని సబ్‌మెర్సిబుల్ మోటారు మాటిమాటికీ ఆన్ అవుతోంది, అంతలోనే ఆగిపోతోంది. ఆగిన ప్రతిసారీ డెలివరీ పైపు గోడ అదిరేలా దడేలుమంటోంది. గుంత వ్యాసం 45 సెంటీమీటర్లు, పైపు 40 మిల్లీమీటర్లది, నీరు నిలువుగా 3 మీటర్లు ఎక్కి బయటికి పోతుంది. ఎన్‌ఆర్‌వీ (నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) మార్చాలా? గుంతను ఎన్నాళ్లకొకసారి శుభ్రం చేయాలి? కరెంటు పోతే ఏం చేస్తున్నారు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మెట్లకింద:
శబ్దం సంగతి తరువాత, ముందు నీటిని ఎక్కడ వదులుతున్నారో చెప్పండి. మేము కొనేనాటికి మా ఇంట్లో పైపు మూతి గోడను ఆనుకునే ఉంది. తోడిపోసిన నీరే పునాది పక్కన ఇంకి మళ్లీ గుంతలోకి చేరుతుంటే మోటారు పగలూ రాత్రీ తిరిగేది. మూతిని 3 మీటర్ల అవతలికి, నేల ఇంటికి ఎదురు దిశలో వాలే చోటికి జరిపించాక గాని దానికి తెరిపి దొరకలేదు. మురుగు లైనులో మాత్రం కలపకండి, పెద్ద వానకు అది పొంగితే ఇబ్బంది మీ ఒక్కరిది కాదు, వీధి మొత్తానిది.

లెక్కలపుస్తకం:
40 మిల్లీమీటర్ల పైపులో మీటరుకు సుమారు 1.25 లీటర్ల నీరు నిలుస్తుంది కనుక మీ 3 మీటర్ల నిలువు పైపులో దాదాపు 3.8 లీటర్లు ఉంటాయి. మీ గుంతలో 1 సెంటీమీటరు మట్టానికి 1.6 లీటర్లు పడతాయి. అంటే ఎన్‌ఆర్‌వీ పట్టు వదిలితే, మోటారు ఆగిన వెంటనే మట్టం 2 సెంటీమీటర్లకు పైగా లేస్తుంది. ఫ్లోట్ స్విచ్ (నీటిపై తేలుతూ మోటారును నడిపే, ఆపే స్విచ్) ఆన్, ఆఫ్ మట్టాల మధ్య ఎడం తక్కువగా ఉంటే, అదే నీటిని మోటారు మళ్లీ మళ్లీ తోడుతూ ఉంటుంది. మోటారు ఆగే క్షణంలో మూత తీసి టార్చిలైటు వేసి చూడండి, సంగతి అక్కడే తేలిపోతుంది.

గోడవార:
అంత లెక్క దేనికండీ? పైపును 25 మిల్లీమీటర్లకు తగ్గిస్తే వెనక్కి పడే నీరూ తగ్గుతుంది, శబ్దమూ తగ్గుతుంది.

లెక్కలపుస్తకం:
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. అంతే ప్రవాహాన్ని 25 మిల్లీమీటర్ల పైపులో పంపాలంటే రాపిడి వల్ల పోయే ఒత్తిడి ఇంచుమించు 10 రెట్లు అవుతుంది. వాన జోరుగా ఉన్నప్పుడే మోటారు చేతులెత్తేస్తుంది.

మోటారుమేస్త్రి:
ఈ పనిలోనే నా జుట్టు నెరిసింది, కాబట్టి నా మాట వినండి. నిలువు పైపులోని నీరు కిందికి జారడం మొదలయ్యాక వాల్వు రెక్క ఆలస్యంగా మూసుకుంటే వచ్చే చప్పుడు అది. స్ప్రింగ్ ఉన్న ఎన్‌ఆర్‌వీ వేయించండి, బాణం గుర్తు పైకి ఉండాలి, తరువాత విప్పుకోవడానికి వీలుగా యూనియన్ జాయింటు పెట్టించండి, పైపును గోడకు క్లాంపులతో బిగించండి. వాల్వుకు దిగువన, గుంత మూతకు లోపలి వైపున పైపుకు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయడం మరవకండి.

నిలువునీరు:
ఒత్తిడితో నీరు పోయే పైపుకు కావాలని చిల్లు పెట్టమంటున్నారా? తోడిన నీటిలో కొంత తిరిగి గుంతలోనే పడుతుంది కదా! జుట్టు నెరిసినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

మోటారుమేస్త్రి:
గుంత ఎండినప్పుడు ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం) చుట్టూ గాలి చేరుతుంది. పైన వాల్వు మీద నీటి బరువు ఉండటంతో ఆ గాలికి దారి ఉండదు, మోటారు ఎంత తిరిగినా చుక్క కదలదు. ఆ సన్నని రంధ్రం గాలిని బయటికి వదులుతుంది. దానివల్ల పోయే నీరు లెక్కలోకి రాదు. మీరు ఎన్ని మోటార్లు బిగించారో ముందు సెలవివ్వండి.

నిలువునీరు:
బిగించిన మోటార్ల సంఖ్యతో వాదన గెలవలేరు. మా పంపు కేసింగ్‌కు గాలి పోయే రంధ్రం కంపెనీయే ఇచ్చింది, అలాంటప్పుడు పైపుకు రెండోది ఎందుకు?

మెట్లకింద:
ఇద్దరూ కాస్త శాంతించండి. కేసింగ్‌కే రంధ్రం ఉన్న పంపులూ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి, కాబట్టి పంపుతో వచ్చిన పుస్తకం చూసి నిర్ణయించుకోవాలి. పైపుకు వేసేటప్పుడు రంధ్రాన్ని కిందికి వాలుగా వేయాలి, లేకపోతే చిమ్మిన ధార మూత సందుల్లోంచి సెల్లార్‌లోకి వస్తుంది. మోటారు తిరిగేటప్పుడు ఆ ధార కనబడలేదంటే రంధ్రం బురదతో పూడినట్టే.

తడిగోడ:
టార్చిలైటు వేసి చూశాను, మట్టం నిజంగానే ఒక్కసారిగా లేచింది. ఎన్‌ఆర్‌వీ విప్పితే రెక్కకూ రబ్బరు అంచుకూ మధ్య చిన్న గులకరాయి ఇరుక్కుని ఉంది. రెక్క ఇరుసు మీద ఎర్రటి జిగురు పేరుకుని కదలిక బిగుసుకుపోయింది. కొత్తది స్ప్రింగ్‌తో వేయించాను, దడదడ పోయింది. ఆ జిగురు ఏమిటో, కరెంటు సంగతి ఏమిటో ఇంకా ఎవరూ చెప్పలేదు.

లెక్కలపుస్తకం:
ఊట నీటిలో ఇనుము ఉంటే దాన్ని ఆధారం చేసుకుని బతికే బ్యాక్టీరియా ఆ జిగురును కడుతుంది. వానాకాలానికి ముందు ప్లగ్ పీకి, మోటారును తాడుతో పైకి తీసి, అడుగు జాలీని బ్రష్షుతో రుద్ది, గుంతలోని ఒండ్రును ఎత్తిపోయండి. కేబుల్ పట్టుకుని మాత్రం లేపకండి, సీలు దెబ్బతిని మోటారులోకి నీరు దిగుతుంది.

గోడవార:
కరెంటు పోతే ఇంట్లోని ఇన్వర్టర్ ఉండనే ఉందిగా?

మోటారుమేస్త్రి:
మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకన్నా అనేక రెట్ల కరెంటు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది. డీప్ సైకిల్ బ్యాటరీ (చాలాసేపు కరెంటు ఇవ్వగల రకం) మీద నడిచే రెండో పంపును కాస్త ఎత్తులో, విడి ఫ్లోట్‌తో, విడి ఎన్‌ఆర్‌వీతో పెట్టించుకోవాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మట్టం చూస్తూ ఉండండి. నెలకొకసారి గుంతలో బకెట్టు నీళ్లు పోసి, ఫ్లోట్ ఎక్కడా గోడకు తట్టుకోకుండా లేస్తోందో లేదో చూడండి.

నిలువునీరు:
మిగతావన్నీ ఒప్పుకుంటాను గాని, రంధ్రం విషయంలో పుస్తకంలో రాయనిదే డ్రిల్ పట్టుకోవద్దన్నదే నా మాట.