నవల పూర్తిగా చదవకుండా సాహిత్యం డిగ్రీ చేయొచ్చా?

పుటలలెక్క: సాహిత్యం డిగ్రీ, రెండో ఏడాది. ఈ టర్మ్‌లో వారానికో నవల, దాని మీద విమర్శ వ్యాసాలు, ఇవి గాక భాష పేపరు. ఈ వారం డికెన్స్ 'బ్లీక్ హౌస్', 67 అధ్యాయాలు! ముందు సారాంశం చూసి, సెమినార్‌లో చర్చకొచ్చే అధ్యాయాలు మాత్రం శ్రద్ధగా చదువుతాను. మార్కులు బాగానే వస్తున్నాయి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇది మోసమే అంటోంది. మీరేమంటారు?

ఆఖరిబెంచీ: మోసమేముంది? ఆ నవల 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు దాకా నెలనెలా విడతలుగా వచ్చింది. అప్పటివాళ్లు ఏడాదిన్నర పాటు తీరిగ్గా చదువుకున్నదాన్ని మనం సోమవారం పట్టుకుని శుక్రవారానికల్లా అభిప్రాయం చెప్పాలట. ముందు సిలబస్ వేసినవాళ్లని అడగండి.

మార్జిన్‌రాత: బరువు ఎక్కువే, కాదనను. కానీ సారాంశంలో కథ దొరుకుతుంది, కథనం దొరకదు. ఈ నవలలోనే చూడండి. కొన్ని అధ్యాయాలు ఎస్తర్ అనే పాత్ర తన గతం చెప్పుకుంటున్నట్టు సాగుతాయి. మిగతావి పేరు లేని ఒక గొంతు వర్తమానంలో చెబుతుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా కలిగే కుదుపు వరుసగా చదివితేనే తెలుస్తుంది. సారాంశం రాసినవాళ్లు ఆ రెండు గొంతుల్నీ కలిపి చదును చేసేస్తారు.

పుటలలెక్క: ఆ రెండు గొంతుల సంగతి మా లెక్చరర్ చెప్పారు, నోట్సులో ఉంది. పరీక్షలో అది రాస్తే చాలదా?

మార్జిన్‌రాత: చాలొచ్చు. ఎప్పుడూ చూడని పేజీ ఇచ్చి వ్యాఖ్యానించమంటే ఏం చేస్తారు? విమర్శకుడు ఐ.ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో ఇలాంటి పనే చేశాడు. కవి పేరు, కాలం చెప్పకుండా పద్యాలు పంచి, వారం గడువిచ్చి, ఏమనిపించిందో రాయమన్నాడు. 13 పద్యాల మీద వచ్చిన జవాబుల్ని 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం'లో అచ్చువేశాడు. సాహిత్యం చదివే పిల్లల్లోనే చాలామంది మామూలు వాక్యార్థం దగ్గర తడబడ్డారు. పాతకాలపు ఇంగ్లిషు కవి జాన్ డన్ రాసిన సానెట్‌నైతే (పద్నాలుగు పాదాల పద్యం) కొందరు కొట్టిపారేశారు. నోట్సు లేకుండా చదవడం అలవాటు కాకపోతే మనకూ అదే గతి.

ఆఖరిబెంచీ: ఆ ఉదాహరణ నాకే పనికొస్తుందండీ. డన్ కాలం, అప్పటి మతవిశ్వాసాలు తెలిసుంటే వాళ్లకి ఆ సానెట్ అంత కొరుకుడు పడనిదయ్యేది కాదు. ఆ సందర్భం తెలిసేది నోట్సులోంచే కదా. పైగా విమర్శకుడు ఫ్రాంకో మొరెత్తి 2000లోనే రాశాడు, అంతా ఎవరూ చదవలేరు, దూరపఠనం కావాలని, అంటే ఒక్కో పుస్తకంలో మునగకుండా చాలా పుస్తకాల్ని కలిపి దూరం నుంచి చూడటం.

బోర్డుముందు: నేను సాహిత్యం బోధిస్తాను. మొరెత్తిని ఇక్కడికి లాక్కురావడం అన్యాయం. దేశదేశాల సాహిత్యంలో నవల అనే రూపం ఎలా వ్యాపించిందన్నది ఆయన ప్రశ్న. ఒక్క నవల మీద ఎస్సే రాసేవాళ్లకి అది సాకు కాదు. సెమినార్‌లో నేను గమనించేది ఇంకోటి. చదవనివాళ్లు నున్నగా మాట్లాడతారు, నవల్లో అన్నీ అమరినట్టు. చదివినవాళ్లు తికమకపడతారు, ఈ పాత్ర ఇప్పుడెందుకొచ్చింది, ఈ వర్ణన ఇంత సేపేమిటి అని. మంచి ఎస్సేలన్నీ ఆ తికమకతో వచ్చినవాళ్లే రాశారు. సారాంశంతో మొదలుపెడితే ఆ ప్రశ్నలే పుట్టవు. కాబట్టి టర్మ్‌కి రెండు నవలలు ఎంచుకుని పూర్తిగా, వీలైతే రెండుసార్లు చదవండి. మిగతావి తిరగేయండి, ఆ మాట మీ ట్యూటర్‌కి దాచకుండా చెప్పండి. లిస్టు తగ్గించమని మేమూ మీటింగుల్లో అంటాం. ఎవరి నవల తీసేయాలన్న దగ్గర పీటముడి పడుతుంది.

రెండోభాష: పరాయి భాషలో డిగ్రీ చేసేవాళ్ల ఊసే ఎవరూ ఎత్తలేదు. నాది ఫ్రెంచ్. నవల మొత్తం అనువాదంలో చదివి, సగం మూలంలో చదువుతాను. నా క్లాసులో ఇదే ఎక్కువ!

బోర్డుముందు: మీరు మొత్తం చదివినట్టే లెక్క. మూలంలో చదివే సగంలో మొదటి అధ్యాయం ఉండేలా చూసుకోండి.

ఆఖరిబెంచీ: సార్, ట్యూటర్‌కి దాచకుండా చెప్పమంటున్నారు. రేపు పీజీకి రికమెండేషన్ లెటర్ అడిగినప్పుడు ఆయనకి ముందు గుర్తొచ్చేది అదే కదా. లిస్టులో రెండు నవలలు తప్పనిసరి, మిగతావి ఐచ్ఛికం అని సిలబస్‌లోనే రాస్తే మాకీ టెన్షన్ ఉండదు. అది రాయడానికి మీ మీటింగులో అడ్డేమిటో చెప్పండి.