న్యూటాక్ ఊరు నదిలో కలిసింది భూతాపం వల్లా, సర్కారు తప్పు వల్లా?

రాతిమనిషి:
అలాస్కా పశ్చిమ తీరంలో నింగ్లిక్ నది ఒడ్డున న్యూటాక్ అని యూపిక్ జాతివాళ్ళ ఊరు ఉండేది. జనం సుమారు 350. ఒడ్డు కోసుకుపోయి, చివరికి మిగిలినవాళ్ళు కూడా 2024లో అవతలి ఒడ్డున మెర్టార్విక్‌కి మారిపోయారు. ఎక్కడ చదివినా భూతాపం అనే రాస్తున్నారు. అది డెల్టా ఒండ్రు నేలండీ! యూపిక్‌లు పూర్వం కాలాన్ని బట్టి మకాం మార్చుకుంటూ బతికేవాళ్ళు. తర్వాత సర్కారు బడి కట్టే సామాను తెచ్చిన పడవ ఇంకా ఎగువకు పోలేక అక్కడ దింపేసింది. బడి చుట్టూ ఊరు వెలిసింది. నది తన పని తాను చేసింది.

ఉప్పాడబాబు:
మా వీధి కొట్టుకుపోయినప్పుడూ ఇదే మాట, "సముద్రం స్వభావం అంతేనండీ" అని. మా నాయనమ్మ ఇంట్లో వంటగది గోడ ఒక్కటే మిగిలింది, పొయ్యి మసితో సహా. సరే, మీ డెల్టాకే వద్దాం. నేల లోపల గడ్డకట్టి ఉన్నన్నాళ్ళూ ఆ ఒడ్డు సిమెంటులా నిలుస్తుంది, కరిగితే బురదే. పైగా సముద్రం మీద మంచు ఇప్పుడు ఆలస్యంగా కడుతోంది. శీతాకాలం ముందు వచ్చే తుఫాన్లకు ఇదివరకు ఆ మంచే అడ్డు.

చలిపులి:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా, కానివ్వండి.

రాతిమనిషి:
బాబుగారూ, ఒక్కటి చెప్పండి. అక్కడ కోత సగటున ఏడాదికి సుమారు 70 అడుగులు. ఆ లెక్క 1950ల నుంచి తీసింది. అప్పట్లో ఎక్కడిది భూతాపం?

ఉప్పాడబాబు:
సగటు అంటే ప్రతి ఏడూ అంతే అని కాదు కదా!

రాతిమనిషి:
70 అడుగులకు జవాబు రాలేదు.

కొండవీటికోడలు:
నేను అలాస్కాలోని పెద్ద పట్నం ఆంకరేజ్‌లో ఉంటాను. ఒడ్డు మొదట్లో అలలు తగిలినచోట నేలలోని మంచు కరిగి లోపలికి గుల్ల అవుతుంది. పైన గడ్డితో సహా పెద్ద పెళ్ళ అలాగే విరిగిపడుతుంది. నది కోత, నేల కరగడం రెండూ కలిసే జరుగుతాయి, విడదీసి ఏం సాధిస్తారు? మెర్టార్విక్ అక్కడికి 9 మైళ్ళు, నెల్సన్ దీవి మీద, గట్టి అగ్నిపర్వత రాతి నేల. ఆ స్థలం ఇవ్వడానికి అమెరికా కాంగ్రెస్ 2003లోనే ఒప్పుకుంది. మొదటి కుటుంబాలు వెళ్ళింది 2019లో! దాని గురించి మాట్లాడరేం?

రాతిమనిషి:
మాట్లాడతాను. తరలింపుకు 8 నుంచి 13 కోట్ల డాలర్లు అవుతుందని సైన్యం ఇంజినీర్లు అంచనా వేశారు. 350 మందికి! తలా ఇంత ఇచ్చి ఆంకరేజ్ పొమ్మంటే సరిపోయేది.

ఉప్పాడబాబు:
ఇదా మీ కడుపులో ఉన్నది! నది, ఒండ్రు, 70 అడుగులు... ఇంతసేపూ మాకు పాఠాలా?

రాతిమనిషి:
అవును, ఇదే. మా ఊరు ప్రాజెక్టు ముంపులో పోయింది. చేతిలో చెక్కు పెట్టి దిక్కుకొకరిని పంపారు. మా మేనత్త వాళ్ళది ఒక జిల్లా, మాది ఒక జిల్లా. జాతర చేద్దామంటే ఊరేది? మమ్మల్ని ఊరుగా ఎత్తి ఇంకోచోట ఎవరు పెట్టారు?

కొండవీటికోడలు:
మాస్టారూ, మీకు జరగలేదని వాళ్ళకీ జరగకూడదా? సీల్ వేట, చేపలు, ఎండబెట్టిన మాంసం... పట్నంలో ఆ బతుకు ఎక్కడ? అందరికీ డబ్బు దొరుకుతోందనీ అనుకోకండి. అలాస్కాలోనే షిష్మారెఫ్ అనే ఊరివాళ్ళు 2016లో 89-78 ఓట్లతో తరలిపోదామని తేల్చారు. డబ్బు లేక ఇంకా అక్కడే ఉన్నారు.

రాతిమనిషి:
జరగకూడదని నేను అనలేదమ్మా. అంతా భూతాపం ఖాతాలో రాసేస్తే, బడి అక్కడ పెట్టినవాళ్ళు చేతులు దులుపుకుంటారు. మా ముంపుకీ ఎవరూ బాధ్యులు కారు, "అభివృద్ధి" అన్నారంతే.

ఉప్పాడబాబు:
సర్కారు చేత పరిహారం కట్టించండి, వద్దన్నదెవరు? చమురు కంపెనీలను మాత్రం వదలొద్దు. అలాస్కాలోనే కివలినా ఊరివాళ్ళు వాటి మీద 2008లో దావా వేస్తే కోర్టు కొట్టేసింది.

రాతిమనిషి:
అంటే 70 అడుగులు ఒప్పుకున్నట్టేగా?